దుప్పులు చూడ్డానికి వెళ్తే సంచిలో ఏం తినుబండారాలు పెట్టుకోవాలి? ఒంటి వాసన సంగతేంటి?

ఎల్బీనగర్ కెమెరా
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పొద్దున నాన్నతో కలిసి చిలుకూరు మృగవని జాతీయ పార్కుకి వెళ్లొచ్చాను, మనసు ఇంకా అక్కడే ఉంది. గంటన్నర కదలకుండా కూర్చున్నాక పదకొండు చుక్కల దుప్పులు ఒక్కొక్కటిగా పొదల్లోంచి బయటికొచ్చాయి. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, అంత దగ్గరగా ఆయన ఎప్పుడూ చూడలేదట. ఆయనకు షుగర్ ఉంది, టాబ్లెట్ వేసుకున్నాక టైముకి ఏదో ఒకటి తినాలి, అందుకని అమ్మ సకినాలు కట్టిచ్చింది. స్టీలు డబ్బా మూత తీశాను, టంగ్‌మంది. ముందున్న ఆడ దుప్పి తలెత్తింది. నాన్న సకినం కొరికాడు. అది రెండు చెవులూ మా వైపు తిప్పి, ముందు కాలితో నేలను రెండుసార్లు టపటపా తన్ని, తోక పైకి లేపి ఒక్క కూత కూసింది. అంతే, రెండు నిమిషాల్లో మైదానం ఖాళీ.

ఇంకో విషయం కూడా చెప్పాలి, నా చొక్కా బీరువా అడుగున ఏడాదిగా పడి ఉన్న ఆకుపచ్చది, నాఫ్తలీన్ ఉండల వాసన వస్తూనే ఉంది. నాన్నేమో ఎప్పటిలాగే చార్మినార్ దగ్గర కొన్న అత్తరు రాసుకున్నాడు. ఇప్పుడు తప్పు శబ్దానిదా, వాసనదా, అర్థం కావట్లేదు. తిండి మానేయమని మాత్రం చెప్పకండి, నాన్నకు అది కుదరదు. మళ్లీ ఆదివారం వెళ్దామనుకుంటున్నాం.

చిలుకూరు దారి
ఆదివారం, రాత్రి 10:05

గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందో చూశారా అన్నా? ముందు అది చెప్పండి, సబ్బులూ అత్తర్లూ తర్వాత మాట్లాడుకుందాం.

ఎల్బీనగర్ కెమెరా
ఆదివారం, రాత్రి 10:11

చూడలేదు. మా వెనక నుంచి వస్తున్నట్టు గుర్తు, ఎందుకంటే నాన్న కండువా ముందుకు ఎగురుతూ ఉంది.

చిలుకూరు దారి
ఆదివారం, రాత్రి 10:30

అయితే గంటన్నర పాటు మీ అత్తరూ నాఫ్తలీనూ నేరుగా వాటి ముక్కులోకే వెళ్లాయి. అయినా అవి బయటికొచ్చాయంటే మృగవనిలో దుప్పులకు మనిషి వాసన కొంత అలవాటైందనే అర్థం, రోజూ జనం తిరిగే చోటు కదా. వాసన వల్ల అప్పటికే అనుమానంలో ఉన్నాయి, మూత చప్పుడుతో అనుమానం తీరిపోయింది. నా లెక్క ఇది. పదేళ్లుగా వెళ్తున్నాను, ఒక్కదానికే భయపడి పారిపోవడం తక్కువ చూశాను. ముక్కు చెప్పినదాన్ని చెవో కన్నో రూఢి చేసుకున్నాకే పరుగు తీస్తాయి. కాలితో నేల తన్నడం కూడా అందుకే, ఎదుటివాడు కదులుతాడేమో చూద్దామని. ఆ క్షణంలో ఇద్దరూ బిగుసుకుపోయి కూర్చుంటే మళ్లీ తల దించి మేసేవేమో.

దిల్‌సుఖ్‌నగర్ టు పెన్సిల్వేనియా
సోమవారం, ఉదయం 6:20

ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది కాబట్టి పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. నేను ఇక్కడికొచ్చి పన్నెండేళ్లయింది, ఆఫీసులో ఒక పెద్దాయన వేటకు తీసుకెళ్లి నేర్పించాడు. ఇక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్‌లో మాత్రమే, తెల్లతోక జింకను వేటాడొచ్చు. తుపాకీ సీజన్ నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటగానే మొదలవుతుంది. చెట్టుకు కట్టిన సీటు మీద నాలుగైదు గంటలు చలిలో కూర్చోవాలి, కాబట్టి తిండీ వాసనా రెండూ ఇక్కడివాళ్లు తెగ చర్చించుకునే విషయాలే.

వాసన పోగొట్టుకోవడానికి వీళ్లు చేయని పని లేదు. వాసన లేని సబ్బు, వాసన లేని డిటర్జెంట్, బట్టలు ఉతికాక బయట గాలికి ఆరేసి, ఎండుటాకులతో కలిపి మూత బిగించిన డబ్బాలో పెట్టడం, వంటసోడా చల్లడం, ఓజోన్ మెషిన్లు, బొగ్గు పొర కుట్టిన వందల డాలర్ల కోట్లు. నేను మొదటి రెండేళ్లు చాలా డబ్బు పెట్టాను. తర్వాత తెలిసింది, వాసన పట్టే కుక్కలతో ఆ బొగ్గు కోట్లను పరీక్షిస్తే, అవి వేసుకున్నవాళ్లనీ వేసుకోనివాళ్లనీ కూడా కుక్కలు కనిపెట్టేశాయి. మనిషి ఊపిరి వదులుతూనే ఉంటాడు, చర్మం పొట్టు రాలుతూనే ఉంటుంది, దాన్ని ఏ కోటు ఆపుతుంది? ఇప్పుడు నేను చేసేది రెండే. ఒకటి, గాలి నా వైపు వీచేలా కూర్చుంటా, అంటే జింక ఎటునుంచి వస్తుందనుకుంటానో అటునుంచి గాలి నా ముఖానికి తగలాలి. రెండోది చెమట పట్టనివ్వను. కారు దగ్గర నుంచి సీటు దాకా కోటు చేతిలో పట్టుకుని మెల్లగా నడుస్తా, అక్కడికి చేరాకే వేసుకుంటా. తాజా చెమటకు పెద్దగా వాసన ఉండదు, ఒంటి మీద బ్యాక్టీరియా దాన్ని తినడం మొదలుపెట్టాకే కంపు.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. మేం వేసుకునే ఆరెంజ్ కోటు మనుషులకు నిప్పులా కనిపిస్తుంది, చట్టం ప్రకారం వేసుకోవాల్సిందే. కానీ జింక కంట్లో ఎరుపును విడిగా గుర్తుపట్టే కణాలు లేవు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది, అతినీలలోహిత కాంతి కూడా కొంత కనిపిస్తుంది. బట్టలు తళతళలాడాలని డిటర్జెంట్లలో కలిపే పదార్థాలు సరిగ్గా ఆ రంగులోనే మెరుస్తాయి. కాబట్టి నాన్నగారు తెల్ల లాల్చీ, మీరు నీలం జీన్సు వేసుకుని ఉంటే, అవి అత్తరు కన్నా ఎక్కువ పట్టిచ్చి ఉండొచ్చు.

తిండికి నేను తీసుకెళ్లేది యాపిల్ ముక్కలు, పల్లీ వెన్న పూసిన బ్రెడ్డు, ఒకట్రెండు ఖర్జూరాలు. అన్నీ ఇంట్లోనే కవర్లలోంచి తీసి మెత్తటి గుడ్డలో చుట్టుకుంటా. చాక్లెట్ రేపర్ చప్పుడు చలిలో చాలా దూరం వెళ్తుంది.

పాత బస్తీ వాకర్
సోమవారం, ఉదయం 8:02

భయ్యా, ఇక్కడివాళ్లు ఇది చదివి వేటకు బయల్దేరితే? కొంచెం జాగ్రత్తగా రాయండి.

వేదిక నిర్వాహకుడు
సోమవారం, ఉదయం 9:15

మంచి మాట. స్పష్టంగా చెప్తున్నాను, మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువును చంపితే తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్ల జైలు, పైన జరిమానా. మన తెలంగాణ రాష్ట్ర జంతువే జింక. పెన్సిల్వేనియా మిత్రుడు అక్కడి చట్టం ప్రకారం అక్కడ చేసేది చెప్పారు, ఇక్కడ మనకు పనికొచ్చేది ఆ మెలకువ మాత్రమే. మన వనస్థలిపురం హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం, 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆయన పేరు పెట్టి కృష్ణజింకల కోసం కేటాయించారు. తుపాకులతో తిరిగిన నేల మీద ఇప్పుడు పిల్లలు జింకల్ని చూస్తున్నారంటే నాకు చాలా ఆనందం. చర్చ కొనసాగించండి.

నేరేడ్‌మెట్ వంటిల్లు
సోమవారం, మధ్యాహ్నం 2:48

తిండి గురించి నేను చెప్తా, మా ఆయనకు పక్షుల పిచ్చి, పదిహేనేళ్లుగా డబ్బాలు కట్టేది నేనే.

తమ్ముడూ, సకినాలు అసలు వద్దు. చేగోడీలు, మురుకులు, అప్పాలు, కొరికితే చప్పుడయ్యేవి ఏవీ వద్దు. సకినం బియ్యప్పిండి, నూనెలో వేయించినది, షుగర్ ఉన్న నాన్నగారికి కూడా అంత మంచిది కాదు. నేను పెట్టేది గుగ్గిళ్లు. శనగలు రాత్రి నానబోసి, పొద్దున ఉడకబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, ఉప్పు మాత్రం వేసి గుడ్డ మీద ఆరబెడతా. పోపు వెయ్యకూడదు, అదే అసలు విషయం. ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు పోపు పడిందంటే మా సందు చివరి ఇంటివాళ్లే ఏం వండావని అడుగుతారు, అడవిలో జంతువుకు తెలియదా? ఉడకబెట్టిన పల్లీలు కూడా బావుంటాయి, కానీ పొట్టుతో కాదు, ఇంట్లోనే ఒలిచి పెట్టుకోండి. లేకపోతే పొట్టు అక్కడ పారేస్తారు, ఒలిచేటప్పుడు చిటపట కూడా.

ఇంకోటి మలీద ముద్దలు. బతుకమ్మకు చేస్తాం కదా, రొట్టె చేసి, నలిపి, బెల్లం కలిపి ముద్దలు. మెత్తగా ఉంటాయి, చప్పుడు ఉండదు, నోట్లో కరిగిపోతాయి, వాసన కూడా పెద్దగా రాదు. నాన్నగారికి బెల్లం కుదరదు, మీకు మాత్రం రెండు పెట్టుకోండి. ఆయన కోసం గుగ్గిళ్లతో పాటు ఒక చిన్న పొట్లంలో చక్కెర కూడా జేబులో ఉంచండి, తినడానికేం కాదు, షుగర్ పడిపోయి చెయ్యి వణికితే వెంటనే నోట్లో వెయ్యడానికి. అది మాత్రం మర్చిపోవద్దు, జింక పారిపోయినా ఫర్వాలేదు.

అరటిపండు నేను పెట్టను. వాసన గట్టిది, తొక్క ఎక్కడో పడుతుంది, కోతులు వెంటపడతాయి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, మిరపకాయ బజ్జీ, బిర్యానీ, ఇవన్నీ తిరిగొచ్చాక కారులో తినేవి. స్టీలు డబ్బా వదిలేసి మూతి బిగించే గుడ్డ సంచి వాడండి. నీళ్లకు మెత్తగా నలిగే ప్లాస్టిక్ బాటిల్ వద్దు, నొక్కినప్పుడల్లా కరకరమంటుంది.

చిలుకూరు దారి
సోమవారం, సాయంత్రం 4:10

అక్కా, పోపు మాట వంద శాతం నిజం. నేను ఒకసారి పక్కనే కూర్చున్నాయన ఉల్లిపాయ పకోడీ పొట్లం విప్పగానే కొండముచ్చులు దిగడం చూశాను.

క్యాంపస్ స్టూడెంట్
సోమవారం, రాత్రి 7:33

నేను గచ్చిబౌలిలో యూనివర్సిటీ క్యాంపస్‌లో చదువుతున్నా. మాకు దుప్పులు రోడ్డు పక్కనే కనిపిస్తాయి, కొన్ని మనిషిని చూసి పట్టించుకోవు కూడా. అందుకే వాసన విషయంలో అంత భయపడాలా అని నా సందేహం. మా దగ్గర అవి భయపడేది కుక్కలకు. 2025లో మా క్యాంపస్ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టినప్పుడు దుప్పులు బెదిరి తిరగడం కళ్లారా చూశాను, సుప్రీంకోర్టు ఆపమన్నాక గానీ మాకు ఊపిరి ఆడలేదు. కాబట్టి నా మనవి ఒక్కటే, ఏం తిన్నా కవరు మాత్రం జేబులో పెట్టుకుని వెనక్కి తెచ్చుకోండి. ఉప్పు రుచి తగిలిన ప్లాస్టిక్ కవర్లను దుప్పులు నమిలేస్తాయి. చెన్నై ఐఐటీ క్యాంపస్‌లో చనిపోయిన దుప్పుల కడుపుల్లో ప్లాస్టిక్ ముద్దలు దొరికాయి. కడుపు నిండినట్టే ఉంటుంది, మేత లోపలికి పోదు, అలా చిక్కి చిక్కి పోతాయి.

పాత బస్తీ వాకర్
సోమవారం, రాత్రి 8:20

చాలా బాధగా ఉంది తమ్ముడూ ఇది చదివి. ఇకమీదట నేను పేపర్ పొట్లాలే.

క్యాంపస్ స్టూడెంట్
సోమవారం, రాత్రి 8:31

పేపర్ కూడా వెనక్కే తెచ్చుకోండి అన్నా. నూనె అంటిన పేపర్‌ను కూడా తింటాయి.

మన్ననూరు రోడ్డు
మంగళవారం, ఉదయం 5:50

నల్లమల వైపు ఉంటాను. అమ్రాబాద్ పులుల రిజర్వులో మీ ఇష్టమొచ్చినట్టు దిగి నడవడం కుదరదు, ఎక్కువగా సఫారీ బండిలోనే. బండిలో ఉన్నప్పుడు డీజిలు వాసన ముందు మీ అత్తరు ఎంత? అక్కడ జంతువులు బండికి అలవాటుపడి ఉంటాయి, కిందికి దిగిన మనిషికి కాదు. కానీ తిండి విషయంలో మాత్రం మేం గట్టిగా చెప్తాం, ఎందుకంటే ఎలుగుబంట్లున్నాయి. ముఖ్యంగా వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలేటప్పుడు. దుప్పులకూ ఇప్పపువ్వు ఇష్టమే, ఎలుగుకు మరీ ఇష్టం. ఆదిలాబాద్ ఇప్పపువ్వు లడ్డూలు మంచి బలం, నేనూ తింటాను, ఇంట్లో కూర్చుని. అడవి అంచున రాత్రి బస చేసేటప్పుడు సంచిలో అలాంటివి పెట్టుకుని పడుకోకండి.

గాలి గురించి ఇంకో మాట, కొండ ప్రాంతానికి పనికొస్తుంది. తెల్లవారుజామున చల్లగాలి బరువుగా ఉండి వాలు వెంబడి కిందికి జారుతుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక అదే గాలి పైకి లేస్తుంది. పొద్దున ఆరింటికి కొండ మీద కూర్చున్నవాడి వాసన లోయలోకి దిగుతుంది, తొమ్మిదయ్యేసరికి లోయలో ఉన్నవాడి వాసన పైకి పాకుతుంది. ఒకే చోట మూడు గంటలు కూర్చుంటే మధ్యలో గాలి తిరగబడుతుందని గుర్తుంచుకోండి. మా చెంచు పెద్దాయన ఒకరు దీన్ని చెప్పకుండానే చూపించాడు, ఏడున్నర దాటగానే లేచి, మాటా పలుకూ లేకుండా రాయి అవతలి వైపుకు మారి కూర్చున్నాడు. ఎందుకో నాకు అర్థం కావడానికి పావుగంట పట్టింది, అప్పటికి కింద వాగులో కణుజు, అదే సాంబార్ జింక, నీళ్లు తాగుతోంది.

కొండముచ్చుల్ని కూడా గమనించండి. దుప్పులు వాటి చెట్ల కింద మేస్తాయి, అవి రాల్చే ఆకులూ కాయలూ తింటాయి. పైనున్న కోతికి కన్ను, కిందున్న దుప్పికి ముక్కు, ఎవరు ముందు పసిగట్టినా ఇద్దరికీ తెలుస్తుంది. కాబట్టి దుప్పి దగ్గర దాక్కున్నాం అనుకుంటే సరిపోదు, తల పైన చెట్టు కూడా చూసుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ టు పెన్సిల్వేనియా
మంగళవారం, ఉదయం 7:05

గాలి తిరగబడడం ఇక్కడ కూడా అచ్చం ఇలాగే అన్నా, దానికోసమే మేం చిన్న సీసాలో పౌడర్ పెట్టుకుని నొక్కి చూస్తాం. కొందరు మిల్క్‌వీడ్ అనే మొక్క దూది వదులుతారు.

చిలుకూరు దారి
మంగళవారం, ఉదయం 7:40

అది మన జిల్లేడు చుట్టమే! నేను ఏళ్లుగా జిల్లేడు దూదే వాడుతున్నాను. వేసవిలో ఎండి పగిలిన కాయను చెట్టు నుంచి తెంపుకోండి, పాలు కంట్లో పడకూడదు, చెయ్యి కడుక్కోండి. లోపల గింజలు చేప పొలుసుల్లా వరసగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, ఒక్కో గింజకు పట్టులాంటి దూది. గింజ తీసేసి దూదిని అగ్గిపెట్టెలో దాచుకుంటా, ఒక్క పెట్టె ఏడాది వస్తుంది. అక్కడ కూర్చుని ఒక పోగు వదిలితే మనకు తెలియని గాలి కూడా కనిపిస్తుంది. ముందు నేరుగా వెళ్లి, పదడుగుల తర్వాత పక్కకు తిరిగి, బండరాయి దగ్గర సుడి తిరిగి వెనక్కొస్తుంది ఒక్కోసారి. ముఖానికి తగిలే గాలి వేరు, పదడుగుల అవతల గాలి వేరు. టాల్కం పౌడర్ మాత్రం వాడకండి, అదే ఒక వాసన.

నేరేడ్‌మెట్ వంటిల్లు
మంగళవారం, ఉదయం 11:20

స్నానం సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఆయన ముందు రోజు రాత్రి నుంచే సెంటు సబ్బు మానేసి సున్నిపిండి వాడతారు, పచ్చ కర్పూరం కలపనిది. తలకు నూనె వద్దు, అమృతాంజనం వద్దు, సాంబ్రాణి వేసిన గదిలో బట్టలు వద్దు. నాఫ్తలీన్ చొక్కాను వారం ముందే తీసి రెండుసార్లు ఉతికి, రెండు రోజులు డాబా మీద ఆరేయండి. దోమల మందు ఒక్కటి తప్పదు, డెంగీ తెచ్చుకునే కన్నా దుప్పి కనిపించకపోవడం నయం, కాకపోతే కారు దగ్గరే రాసుకుని కాసేపు ఆగి వెళ్లండి. పెట్రోలు దారిలో పోయించుకోకండి, ముందు రోజే.

ఎల్బీనగర్ కెమెరా
మంగళవారం, రాత్రి 10:15

అందరికీ చాలా చాలా థాంక్స్. నాన్నకు అన్నీ చదివి వినిపించాను. అత్తరు మానేయడానికి ఒప్పుకున్నాడు, ఆయనకు అది చిన్న విషయం కాదు, ముప్పై ఏళ్ల అలవాటు. చొక్కా డాబా మీద ఉంది.

ఎల్బీనగర్ కెమెరా
ఆదివారం, మధ్యాహ్నం 1:30

వెళ్లొచ్చాం! గేటు దగ్గరే అడిగాం, తినేది గుడ్డ సంచిలో ఉంది, కవర్లు లేవని చూపించాం, ఏమీ అనలేదు. జిల్లేడు దూది మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో దొరికింది. వదిలితే పోయినసారి కూర్చున్న చోట గాలి నేరుగా మైదానం వైపే పోతోంది, అందుకని చుట్టూ తిరిగి అవతలి పక్క వేప చెట్టు కింద కూర్చున్నాం. నాన్న బూడిద రంగు చొక్కా, నేను మట్టి రంగు. నలభై నిమిషాలకు ఏడు వచ్చాయి, అందులో ఒక మగది, కొమ్ములకు ఇంకా ముఖమల్ లాంటి నూగు ఉంది. నాన్న టైము చూసుకుని, సంచిలో చెయ్యి పెట్టి ఒక్కొక్క శనగ గింజా నోట్లో వేసుకున్నాడు. ఆడ దుప్పి ఒకటి తలెత్తి మా వైపే చూసింది. నాన్న నమలడం ఆపేశాడు. బుగ్గలో గింజ అలాగే ఉంది, కళ్లు కూడా ఆర్పలేదు. అది తన ముక్కును నాలుకతో తడుపుకుంది, రెండోసారి తడుపుకుంది, కాలు లేపి, నేలను తన్నకుండానే మెల్లగా దించింది. తర్వాత తల వంచి మేత మొదలుపెట్టింది. నాన్న అప్పుడు నమిలాడు.

ఫొటోలు రాత్రికి పెడతా. వచ్చే వారం హరిణ వనస్థలికి ఎవరైనా వస్తారా?

చిలుకూరు దారి
ఆదివారం, మధ్యాహ్నం 1:52

నేను వస్తా. దూది నా దగ్గరుంది, గుగ్గిళ్లు మీరు తెండి.

నేరేడ్‌మెట్ వంటిల్లు
ఆదివారం, మధ్యాహ్నం 2:10

గుగ్గిళ్లు అందరికీ నేనే చేసి పంపుతా, ఎంతమంది వస్తున్నారో శుక్రవారం లోపు చెప్పండి. శనగలు నానబోయాలి.